బద్ధుఁడును నిరుద్ధుఁడును: యుద్ధకాలమునందలి పౌరనిరోధచరిత్రము

కొంతకాలము క్రిందట ఉన్నతపాఠశాలల విద్యార్థులకై సమకూర్చిన యొక చరిత్రవాచకమును, భాషాదోషములు దిద్ది యిమ్మని, నాయొద్దకుఁ బంపిరి. రెండవ ప్రపంచయుద్ధమును గూర్చిన ప్రకరణమునందు, అమెరికాదేశపు పశ్చిమసముద్రతీరమున నివసించుచుండిన జపానుసంతతివారిని 1942వ సంవత్సరమున శిబిరములకుఁ దరలించిన వృత్తాంతము కలదు. గ్రంథకర్త వారిని మొదట "యుద్ధఖైదీలు" అనియు, రెండు పంక్తుల దిగువ "బందీలు" అనియు, ప్రకరణాంతమున "నిర్బంధితులు" అనియు వ్రాసియుండెను. మూఁడును బర్యాయపదములని యాయన తలఁపు గాఁబోలును. నేను మొదటిదానిని గొట్టివైచి ప్రక్కను సరియైన మాట వ్రాయఁబోయితిని. కలము నిలిచిపోయినది. ఆ మాట నాకును దెలియదని యప్పుడు తెలిసినది.

యుద్ధఖైదీ యనఁగా నాయుధము పట్టి పోరాడి శత్రువునకుఁ జిక్కినవాఁడు. చెఱసాలలోని బంది న్యాయస్థానమున నేరము స్థిరపడఁగా శిక్ష పొందినవాఁడు, లేదా యట్టి విచారణకై నిలుపఁబడినవాఁడు. నేను జెప్పఁబోవువారు ఈ రెండు తెగలలో నేదానియందును జేరరు. వారు పోరలేదు. నేరము చేయలేదు. చేసిరని యెవ్వరు నారోపింపనైన లేదు. ఫలాని దేశమునఁ బుట్టిరి, లేక ఫలానివారికిఁ బుట్టిరి, ఆ దేశముతో యుద్ధము వచ్చినది, అంతియే. ఇట్టివారి చరిత్ర రెండువందల యేండ్లకుఁ బైఁబడినది. దానిని విచారించినకొలఁది నాకుఁ దోఁచినదేమనఁగా, ఈ కార్యము పెక్కుమాఱులు ఒక పేరు పెట్టుటతోడనే మొదలైనది. కావున దీనికిఁ దగిన పేరును వెదకుట పండితులకుఁ గేవలవినోదము గాదు.

మొదట శబ్దమును జూతము. నిర్బంధశబ్దమునకు సంస్కృతమునఁ బట్టుదల, వదలని కోరిక యనునవి ప్రసిద్ధార్థములు. తెలుఁగునను "నన్ను నిర్బంధింపకుము" అన్నచో బలవంతపెట్టవలదనియే యర్థము. నిర్బంధవిద్య యన్నప్పుడు బాలురను గదిలోఁ బెట్టి తాళము వేయుదురని యెవ్వరును దలఁపరు. పత్రికలవలన నీ పదమునకు నిలిపియుంచుట యను నర్థము నేఁడు రూఢమైనది. రూఢిని గాదనువాఁడను గాను. కాని యా యర్థమున నది చెఱకును శిబిరమునకును భేదము చూపదు. బంధధాతువు మాటయో, ధర్మశాస్త్రములందు అపరాధముతోఁ గూడినది. మనువు వాగ్దండము, ధిగ్దండము, ధనదండము, వధదండము నని దండమును నాలుగు తెఱఁగులుగాఁ జెప్పి, అపరాధమును, దేశకాలములను, శక్తిని విచారించియే దండింపవలెనని విధించెను. కౌటిల్యుఁడు బంధనాగారమును జెప్పినచోటనే బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను రాజు జన్మనక్షత్రమునను బూర్ణిమాదినములయందును విడిచిపెట్టుమనెను. కఠినుఁడని పేరువడిన యా యాచార్యుఁడే బంధనమునకు విడుదల నొక యంగముగాఁ జేసినాఁడు.

రుధధాతువు వేఱు. ద్వికర్మకధాతువులకు వ్యాకరణమున నిచ్చు నుదాహరణములలో, ఆవును దొడ్డియందు నిలిపియుంచుట యొకటి. పాఠశాలలో దీనిని వల్లించని వైయాకరణుఁడు లేఁడు. ఆ యావు ఎవరి చేనును మేయలేదు. అది యిప్పుడు తిరుగుట గొల్లవానికి ఇష్టము లేదు. మన పల్లెలలో దీనికిఁ దోడుగా నింకొక దొడ్డి యుండెడిది, బందెలదొడ్డి. పరుల చేనఁ బడి మేసిన పశువును దానిలోఁ దోలుదురు; యజమానుఁడు వచ్చి బందె చెల్లించి తోలుకొనిపోవును. బందెలదొడ్డిలోని యావు బద్ధము, ఆలదొడ్డిలోని యావు నిరుద్ధము. మొదటిదానికి నేరము కలదు, నేరమునకు వెల కలదు, వెల చెల్లినచో విడుదల కలదు. రెండవదానికి నేరము లేదు గనుక చెల్లింపవలసిన బందెయు లేదు. బందె లేదు గనుక విడుదలకు నవధియు లేదు. నేను వెదకిన భేదమంతయు నీ రెండు దొడ్లయందే యున్నది. (బాణాసురుఁడు చెఱ పెట్టినవానికి అనిరుద్ధుఁడని పేరుండుట పౌరాణికుల హాస్యమేమో!)

యుద్ధమున శత్రుప్రజలను నిలిపియుంచు నాచారము పూర్వమంతగాఁ గానరాదు. మన దేశమున సైన్యములు పోరుచుండఁగా ప్రక్కపొలములలోఁ గృషీవలులు నిర్భయముగ దున్నుకొనుచుండిరని మెగస్తనీసు వ్రాసినట్లు తరువాతి యవనగ్రంథకర్తలు చెప్పియున్నారు. ఆయన వ్రాసినవన్నియు నమ్మఁదగినవి గాకపోయినను, ఇట్టిది యొక పరదేశికి వింతగాఁ దోఁచుటయే గమనింపఁదగినది. ఆంగ్లదేశమున 1215వ సంవత్సరపు మహాశాసనమునందు ఒక ప్రకరణము కలదు: శత్రుదేశపు వర్తకులు యుద్ధారంభమున మన దేశమున నున్నచో, అచ్చట మన వర్తకులు ఎట్లు చూడఁబడుచున్నారో తెలియువఱకు, వారి శరీరమునకుఁ గాని సొత్తునకుఁ గాని హాని లేకుండ నిలిపియుంచవలెను, అచ్చట మనవారు సురక్షితులైనచో ఇచ్చట వారును సురక్షితులు. ఇది నిరోధమే. కాని దానికి హేతువును, అవధియు రెండును జెప్పఁబడినవి.

1758లో వాతెల్ అను స్విట్జర్లండుదేశపు శాస్త్రజ్ఞుఁడు అంతర్జాతీయధర్మమును గూర్చి రచించిన గ్రంథమున నింకను ముందునకుఁ బోయి, యుద్ధము ప్రకటించునాఁటికిఁ దన దేశమున నున్న శత్రుప్రజలను రాజు నిలుపరాదు, వారు రాజు మాట నమ్మి వచ్చినవారు గదా యనెను. 1794లో ఆంగ్లేయులును అమెరికావారును జేసికొన్న సంధియందు ఇట్టి నియమమే కలదు. ఆ ధర్మము తొమ్మిదియేండ్లకే మఱొకచోట భగ్నమైనది. 1803 మే మాసమున ఫ్రాన్సుదేశమునఁ బర్యటించుచుండిన ఆంగ్లేయులలోఁ బదునెనిమిదేండ్లకును అఱువదియేండ్లకును నడుమనున్న మగవారిని నెపోలియను పట్టి నిలుపుమని యాజ్ఞాపించెను. యుద్ధము ప్రకటింపకమునుపే ఆంగ్లేయులు తన దేశపు ఓడలను బట్టుకొనిరని యాతఁడు చెప్పిన సాకు. విహారమునకు వచ్చినవారు, విద్యార్థులు, పండితులు వెర్దూను మొదలైన పట్టణములలో 1814 వఱకు, అనఁగాఁ బదునొకండేండ్లు, నిలిచిపోయిరి. వీరు యుద్ధఖైదీలు గారు గనుక ఫ్రెంచివారు వీరిని "దెతెన్యూ" అనిరి, నిలుపఁబడినవాఁడని యర్థము. మన పత్రికలలో నేఁటికిని వాడఁబడు "డిటెన్యూ" యను మాట ఆంగ్లభాషలోఁ జొచ్చినది ఆనాఁటి నుండియే. క్రొత్తతెగ మనుష్యులు పుట్టిరి గనుకఁ గ్రొత్తమాట పుట్టవలసివచ్చినది. అంతవఱకు నిజాయితీ గల మాటయే.

పిమ్మటి మాటలు అట్టివి గావు. 1896లో క్యూబాద్వీపమున వైలర్ అను స్పెయినుదేశపు సేనాని పల్లెప్రజలను గోటలుగల పట్టణములకుఁ దోలి, దానికిఁ "బునఃకేంద్రీకరణము" అను నర్థమిచ్చు పేరు పెట్టెను. 1900 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాయుద్ధమున ఆంగ్లసేనానులు బోయరుల పొలములను గాల్చి, ఆఁడువారిని, బిడ్డలను గుడారములలోఁ జేర్చి, వానికి "శరణార్థిశిబిరములు" అని పేరిడిరి. ఇల్లు కాల్చినవాఁడే శరణమిచ్చువాఁడు! ఎమిలీ హాబ్‌హౌస్ అను ఆంగ్లవనిత 1901లో నచ్చటికిఁ బోయి చూచి వచ్చి తన దేశీయులకుఁ జెప్పఁగా సీమలో నలజడి పుట్టినది. ఆ శిబిరములలో 27,927 మంది బోయరులు మృతినొందినట్లు పిమ్మట లెక్క తేలినది. వీరిలో 22,000 లకుఁ బైఁబడినవారు పదునాఱేండ్లలోపు పిల్లలు. నల్లవారికి వేఱుగా నేర్పఱచిన శిబిరములలో మృతులు లెక్కకు వచ్చినంతవఱకే 14,000 లకు మించిరి. వారి లెక్క తీయుటకు లోకమునకుఁ జాలకాలము పట్టినది.

1914లో మొదలైన మహాయుద్ధముతో ఈ పద్ధతి సర్వదేశవ్యాప్తమైనది. బెర్లిను సమీపమున రూలెబెన్ అను గుఱ్ఱపుపందెముల మైదానమున నాంగ్లేయులును, మాన్ ద్వీపమున నాకెలో అను శిబిరమున జర్మనులును నిరుద్ధులైరి; ఈ రెండవదానిలో నొకప్పుడు 23,000 మంది యుండిరి. 1915 మే 7వ తేదీన లూసిటేనియా యను ఓడ మునుఁగఁగా లండను మొదలైన నగరములలో జర్మనుపేర్లుగల యంగళ్లను జనులు దోఁచిరి. వారమైనఁ దిరుగకమునుపే ఈడువచ్చిన శత్రుదేశీయపురుషులను నిలుపవలెనని ప్రభుత్వము ప్రకటించెను. దోఁచినవారికన్న దోఁపుడుపడినవారే శిబిరములకుఁ బోయిరి.

ఆ యుద్ధమున మన తెలుఁగునాఁటికిఁ దగిలిన భాగము స్వల్పమే కాని మఱువఁదగినది గాదు. నెల్లూరు మండలమునను దాని పొరుగునను సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి ప్రాంతములలో హెర్మన్స్‌బర్గు మిషనుకుఁ జేరిన జర్మను పాదిరులు 1865 మొదలు పాఠశాలలు, దేవాలయములు నడపుచుండిరి. జయపురసంస్థానమునను దాని పొరుగుననున్న తెలుఁగుతావులందును బ్రెక్లమ్ మిషనువారు అట్లే యుండిరి. తెలుఁగు నేర్చి తెలుఁగున బోధించి యిచ్చటనే ముసలివారైనవారు వీరిలోఁ గలరు. యుద్ధము రాఁగానే వీరు పాదిరులు గారు, శత్రువులైరి. ఈడువచ్చినవారిలోఁ బలువురు అహమ్మదునగరమునకుఁ బంపఁబడిరి. 1915-16 సంవత్సరములలో వీరిని, వీరి భార్యాపుత్రులను ఓడ నెక్కించి ఐరోపాకుఁ దరలించిరి. ఆ యోడపేరు గోల్కొండ. నెల్లూరు మిషను అమెరికాలోని ఒహయో సినడువారి చేతికిఁ బోయినది. పాఠశాలలు మూఁతపడలేదు, నేర్పినవారు మాత్రము మరలి రాలేదు.

ఇఁక నీ చరిత్రయందు నా మనస్సును మిక్కిలిగాఁ బట్టినవాఁడు ఒక భిక్షువు. వీస్‌బాడెన్ నగరమున 1878లో జన్మించిన ఆంటన్ గూయెత్ అను జర్మనుఁడు, యౌవనమున సంగీతము నభ్యసించి, పిమ్మట బౌద్ధధర్మాభిముఖుఁడై, 1904లో రంగూనునందు ఉపసంపద నొంది ఞాణతిలోకుఁడను పేరు దాల్చెను. 1911లో సింహళమున దొడందూవకడ నొక చెఱువునడిమి దీవియందు ఆశ్రమము నెలకొల్పి పాలీగ్రంథములను జర్మనుభాషకుఁ దెచ్చుచుండెను. ఆయుధము మాట యటుండఁగా, ఆహారమునైనను దాఁచుకొనరాదను వినయనియమము గలవాఁడు. అట్టివానిని 1914లో శత్రువని పట్టిరి. దియతలావ శిబిరమునుండి ఆస్ట్రేలియాఖండమున సముద్రపుటొడ్డుననున్న ట్రయల్ బే యను చెఱకుఁ బంపిరి. 1916లో విడువఁబడి, స్వదేశమునకుఁ బోవుమిషమీఁద హవాయిద్వీపముల మీఁదుగాఁ జీనాకుఁ జేరి, అచ్చటినుండి బర్మా సరిహద్దు ప్రాంతమునకుఁ బోవఁజూచెను. ఇంతలో 1917 ఆగస్టున చీనాయు జర్మనీపై యుద్ధము ప్రకటింపఁగా నచ్చటను నిరుద్ధుఁడయ్యెను. 1919లో జర్మనీకిఁ బంపఁబడెను. సింహళమునకు మరల వచ్చుటకు 1926 దాఁక ననుజ్ఞ దొరకలేదు.

వచ్చి పదుమూఁడేండ్లు గడచినవి. 1939లో రెండవ యుద్ధము రాఁగా నఱువది దాఁటిన యాతని మరల దియతలావకే తీసికొనిపోయిరి. 1942లో దేరాదూనుకుఁ దెచ్చిరి. 1946లోఁ గాని విడువలేదు. రెండు యుద్ధములలోఁ గలిపి యాతఁడు ఆశ్రమమునకు దూరముగా నున్నది పందొమ్మిదేండ్లు. ఆయనతో దేరాదూనున నున్నవారిలో ఞాణపోనికుఁడను శిష్యుఁ డొకఁడు. ఇతఁడు యూదుకుటుంబమునఁ బుట్టి, హిట్లరు ప్రభుత్వమునకు జడిసి జర్మనీ విడిచినవాఁడు. జర్మనీలో యూదుఁడు గనుక జర్మనుఁడు గాఁడనిరి. సింహళమున జర్మనుఁడు గనుక శత్రువనిరి. ఒక్క మనుష్యునకు రెండు విరుద్ధములైన యుపాధులను గల్పించి రెంటను ఫలము అనర్థమే యగునట్లు చేయుట నైయాయికులకైనఁ గష్టము! ఆ శిబిరమున నుండియే యితఁడు సుత్తనిపాతమును, ధమ్మసంగణిని జర్మనుభాషలోనికిఁ బరివర్తించెను. దేరాదూను శిబిరమును లోకము ఎఱుఁగునది 1944లో నచ్చటినుండి పాఱిపోయి టిబెట్టు చేరిన హైన్రిఖ్ హారర్ వ్రాసిన గ్రంథమువలన. పాఱిపోక కూర్చుండి ధమ్మసంగణిని దిద్దుకొన్నవాని కథ పండితులకుఁ గాని పట్టదు.

ఆంగ్లదేశమున 1940లో జరిగినది ఇట్టిదే, కాని పెద్దపరిమాణమున. యుద్ధారంభమున విచారణసంఘములు వేలకొలఁది జర్మనులను, ఆస్ట్రియనులను బరీక్షించి, అత్యధికసంఖ్యాకులు నిరపాయులనియు, పెక్కండ్రు హిట్లరుబాధితులైన శరణాగతులనియుఁ దేల్చినవి. ఫ్రాన్సు కూలిన వేసవియం దా నిర్ణయముల నన్నిటిని ద్రోసివైచి సుమారు 27,000 మందిని బట్టిరి. కొందఱిని సముద్రములు దాఁటించిరి. జూలై 2వ తేదీన అరండోరా స్టార్ అను ఓడను జర్మను జలాంతర్గామి ముంచఁగా 800 లకుఁ బైఁబడి మడిసిరి. వారిలో ఇటాలియను వంటవారును, దుకాణదారులును ఎందఱో.

ఆ దినములందే యొక వ్యాకరణవిచారము ఆ దేశపు అత్యున్నతన్యాయస్థానమునకు వచ్చినది. నమ్ముటకు సమంజసమైన కారణము మంత్రికి "ఉన్నచో" ఒకనిని నిలుపవచ్చునని నియమము. లివర్సిడ్జి యనువాఁడు ఆ కారణమేమో చెప్పుఁడని యడిగెను. 1941 నవంబరు 3వ తేదీన నలువురు న్యాయాధిపతులు, కారణమున్నదని మంత్రి తలఁచినఁ జాలుననిరి. అట్కిన్ ప్రభువొక్కఁడు, "ఉన్నచో" అనుటకు "ఉన్నదని తలఁచినచో" యని యర్థము చెప్పుట యే భాషలోను గుదురదని భిన్నాభిప్రాయము వ్రాసెను. కాలు విఱిగియుండుటయు, విఱిగినదని తలఁచుటయు నొకటి గావని యాయన చూపిన దృష్టాంతము. సత్తకును బ్రతీతికిని భేదమును గ్రహించుట మన బాలశిక్షలోని పాఠము; అచ్చట నలువురు మఱచిరి, ఒకఁడు జ్ఞప్తియందుంచుకొనెను. ఆ మంత్రి ఆండర్సను దొర అంతకుముందు వంగదేశపు గవర్నరుగా నుండినవాఁడని గమనింపవలెను. 1980లో నా న్యాయస్థానమే అట్కిన్ పక్షము సరియనెను.

ఇఁక నమెరికా మాట. 1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుఁడు రూజ్వెల్టు 9066వ సంఖ్యగల యాజ్ఞపై సంతకము చేసెను. సుమారు 1,20,000 మంది పదిశిబిరములకుఁ దరలింపఁబడిరి. వారిలో మూఁడింట రెండువంతులు ఆ దేశమునఁ బుట్టిన పౌరులు. పదునాఱింట నొకవంతు జపాను రక్తమున్నను జాలునని లెక్క. తరలింపునకు "ఖాళీచేయించుట" యనియు, శిబిరములకు "పునరావాసకేంద్రము" లనియుఁ బేర్లు. వీధులలో నంటించిన ప్రకటనపత్రములలో నొక మాట యున్నది. ఆ మాటకై యీ వ్యాసమంతయు వ్రాసితిననినఁ దప్పు గాదు. జపానుసంతతివారందఱు, "ఏలియన్" లును "నాన్-ఏలియన్" లును, ఫలాని దినమునకు వెడలిపోవలెనని యా పత్రములు చెప్పినవి. ఏలియన్ అనఁగా విదేశీయుఁడు. నాన్-ఏలియన్ అనఁగా, విదేశీయుఁడు కానివాఁడు. ఆ దేశమున విదేశీయుఁడు కాక స్వదేశమునఁ బుట్టినవానికి ఒక పేరున్నది గదా, పౌరుఁడని. ఆ పేరేల వ్రాయలేదు?

నఞర్థము ప్రసజ్యప్రతిషేధమనియు, పర్యుదాసమనియు ద్వివిధమని మనకుఁ దెలియును. సమాసమున నుండునది ప్రాయికముగఁ బర్యుదాసము. అబ్రాహ్మణుని దోడ్కొనిరమ్మని గురువు చెప్పినచో శిష్యుఁడు మట్టిపెల్లను దేఁడు. బ్రాహ్మణునికన్న వేఱై, బ్రాహ్మణునిఁ బోలిన మనుష్యునిఁ దెచ్చును. భేదమును సాదృశ్యమును రెండును గలిసినదే పర్యుదాసార్థము. ఈ న్యాయముచే నాన్-ఏలియన్ అన్నచో విదేశీయునికన్న నన్యుఁడు, కాని విదేశీయుని బోలినవాఁడు. "పౌరులారా, మీ యిండ్లు విడిచి పొండు" అని వ్రాసినచో వ్రాసినవాని చేయి వణకియుండును. చదువువాఁడు ఏమి నేరమునకని యడిగియుండును. "అవిదేశీయులారా" యని వ్రాయఁగా నా ప్రశ్నకుఁ దావు లేకపోయినది. ఒక్క నఞ్ పౌరత్వమును దీసివేయకయే దీసివేసినది. సంస్కృతము రాని సైనికోద్యోగులు పర్యుదాసము నింత నిపుణముగాఁ బ్రయోగించిరి!

1944 డిసెంబరు 18వ తేదీన కొరెమట్సు అనువాని యభియోగమున ఆ దేశపు సర్వోన్నతన్యాయస్థానము ఆఱుగురు మువ్వురుగాఁ జీలి ప్రభుత్వమునే సమర్థించెను. ఆనాఁడే, ఎండో యను స్త్రీ వ్యాజ్యమున, విశ్వాసపాత్రురాలని ప్రభుత్వమే యొప్పుకొన్న పౌరురాలిని నిలుపరాదనెను. 1988లోఁ జట్టము చేసి, బ్రదికియున్నవారికిఁ దలకు 20,000 డాలర్లు నిచ్చి క్షమాపణము చెప్పిరి. 2018లో నా న్యాయస్థానము కొరెమట్సు నిర్ణయము తప్పనెను. డెబ్బదినాలుగేండ్లు.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. దానిని దాఁటవేయుట న్యాయము గాదు. ఇది దండము గాదు, నివారణము. పూరింటికి నిప్పంటుకొన్నపుడు ప్రక్కయింటి కప్పు పీకుదుము. ఆ యింటివాఁడు నేరము చేసెనా? అని యందురు. బలమైన మాటయే, శత్రువుల గూఢచారులు ఎన్నఁడును లేరని నేను జెప్పను. కాని కప్పు పీకునది మంటకు దగ్గఱ యని కాని, యింటివాని కులమును జూచి కాదు. జపానువారి బాంబులు పడినది హవాయిద్వీపములమీఁద. అచ్చట జనులలో మూఁడవవంతునకు మించి జపానుసంతతివారే. అచ్చట నెన్నుకొని పట్టినవారు రెండువేలకు లోపడినవారు. తక్కినవారందఱు తమ పనులు చేసికొనుచుండిరి. మంటకు దగ్గఱనున్న కప్పు నిలిచినది. వేలమైళ్ల యావల కాలిఫోర్నియాలోని కప్పులు పీకిరి. మఱియు, పీకిన కప్పును మఱునాఁడు ఊరివారందఱుఁ గలిసి వేయుదురు. శిబిరమునుండి వచ్చినవాని పొలమును, అంగడిని ఎవ్వరు మరల నిచ్చిరి?

జపానువారు తమవంతున నాసియాఖండమున 1,00,000 మందికి మించి ఐరోపీయపౌరులను, అందు డచ్చివారిని జావా సుమాత్రలలో, ఆఁకలిశిబిరములలో నుంచిరి. మన దేశమున మలయానుండి తెచ్చిన జపాను పౌరులు మొదట ఢిల్లీ పురానాఖిల్లాలోను, పిమ్మట రాజపుత్రస్థానమున దేవలీయందును నుండిరి. 1946లోఁ దమ దేశము ఓడినదని నమ్మినవారికిని నమ్మనివారికిని నడుమఁ బుట్టిన కలహము ముదిరి కాల్పులు జరిగి కొందఱు మృతులైరి. ఆ దేవలీయందే 1941లో జయప్రకాశనారాయణుఁడు మొదలైన మన నాయకులుండిరి. 1942 మొదలు 1945 వఱకు అహమ్మదునగరదుర్గమున నెహ్రూతోఁ గూడ మన పట్టాభిసీతారామయ్యయు నుండెను. వీరును విచారణ లేనివారే. అయినను ఒక భేదము కలదు: వీరు ఒక తీర్మానము చేసిరి, దానికి ఫలము ననుభవించిరి. కర్తృత్వము వారిది. నిరుద్ధునకుఁ గర్తృత్వము లేదు. అతఁడు కేవలము కర్మ.

1949లో జెనీవానగరమున నొడంబడిన నాలవ సమయము ఈ నిరోధమునకు నియమములు విధించెను: అత్యావశ్యకమైనఁ గాని నిలుపరాదు, ఏఁటికి రెండుమాఱులైనఁ బునర్విచారణ జరుగవలెను, కారణము తీరఁగానే విడువవలెను. మన దేశము దాని నంగీకరించి 1960లోఁ జట్టమును జేసెను. కాని యా రక్షణ పరదేశీయులకే. తన పౌరునే తాను నిలిపిన రాజ్యమున కది యడ్డుపడదు.

1962 అక్టోబరు 20వ తేదీన చీనాతో యుద్ధము మొదలైనది. 26వ తేదీన నాఁటి రాష్ట్రపతి, మనవాఁడే, సర్వేపల్లి రాధాకృష్ణపండితుఁడు అత్యవసరపరిస్థితిని బ్రకటించెను. నవంబరున అస్సాము, షిల్లాంగు, డార్జిలింగు ప్రాంతములలోఁ దరతరములుగాఁ గాఁపురముండిన చీనాసంతతివారిని, సుమారు 3,000 మందిని, రైళ్లలో నెక్కించి దినములకొలఁది ప్రయాణము చేయించి దేవలీకిఁ జేర్చిరి. తేయాకుతోఁటల పనివారు, వడ్రంగులు, చెప్పులంగళ్లవారు, గర్భిణులు, పసిబిడ్డలు. వారిలోఁ బెక్కండ్రు ఇచ్చటనే పుట్టినవారు. కొందఱికిఁ దల్లులు భారతీయస్త్రీలు. ఆనాఁటి నియమములలో, తానే కాక, తల్లిదండ్రులలోఁ గాని, తాతలు అవ్వలలోఁ గాని యొక్కరు శత్రుదేశపు ప్రజలైయుండినను జాలునను లెక్క చేరినది. పితృపితామహులను మనము తర్పణమునకు లెక్కింతుము. ఇచ్చట వారు మనుమని దోషమునకు లెక్కింపఁబడిరి.

నవంబరు 21వ తేదీన కాల్పులు నిలిచినవి. యుద్ధమునకు నెల పట్టినది. దేవలీనుండి కడపటివారు వెడలినది 1967లో. 1963లో వచ్చిన చీనా ఓడల నెక్కి వెడలినవారిలో నా దేశమును మునుపెన్నఁడుఁ జూడనివారును గలరు. మరలి వచ్చినవారిలోఁ గొందఱికిఁ దమ యిల్లు, అంగడి వేలములోఁ బోయియుండెను. ఈ వృత్తాంతము వస్తువుగా రీటా చౌధురి 2010లో "మాకామ్" అను నస్సామీ నవలను రచించినది.

నాకు వచ్చిన వాచకమున 1962వ సంవత్సరపు యుద్ధమునకు ఒకటిన్నర పుట కలదు. సేనల కదలిక, కనుమల పేర్లు, బంగారము దానమిచ్చిన స్త్రీలు, అన్నియుఁ గలవు. దేవలీపేరు లేదు. అమెరికాను గూర్చిన పుటయందు "యుద్ధఖైదీలు" అను మాటను గొట్టివైచి "నిరుద్ధులు" అని వ్రాసితిని. క్రింద, విచారణ లేక, నేరారోపణము లేక, జన్మకారణమున యుద్ధకాలమందు నిలుపఁబడినవారని యర్థము వివరించితిని. పిమ్మట 1962వ ప్రకరణపు అంచున దేవలీని గూర్చి నాలుగువాక్యములు వ్రాసి పంపితిని. పుస్తకము ముద్రితమై వచ్చినది. "నిరుద్ధులు" అను మాట నిలిచినది. నాలుగువాక్యములు నిలువలేదు.